సందర్శక సంఖ్య: చిత్రాంకము, అక్షరాంకము

సంఖ్య యనునది ద్రవ్యముల నాశ్రయించి యుండు గుణములలో నొకటియని వైశేషికుల మతము. ఏకత్వము ప్రతివస్తువునందును స్వతస్సిద్ధముగా నుండును. ద్విత్వము మొదలుకొని పరార్ధము వఱకుఁ గల సంఖ్యలు మాత్రము, ఇది యొకటి, ఇది యొకటి యని లెక్కించువాని బుద్ధివలనఁ బుట్టును. ఆ బుద్ధికి అపేక్షాబుద్ధి యని ప్రశస్తపాదాదులు పేరిడిరి. లెక్కించువాఁడు దేనిని ఒకటిగాఁ దలఁచునో దానిని బట్టియే మొత్త మేర్పడును. ఒక తోఁటలో నొకఁడు చెట్లను, వేఱొకఁడు కొమ్మలను లెక్కించినచో నిద్దఱి సంఖ్యలును సత్యములే. కాని యవి యొకే వస్తువును గూర్చినవి కావు.

ఈ ప్రాచీన విచారము నేఁటి కంప్యూటరు జాలమునందలి యొక చిన్న యాచారమును గ్రహించుటకు మిగులఁ దోడ్పడును. వెబ్ పుట యడుగున "సందర్శకుల సంఖ్య" యని వ్రాసి, దాని ప్రక్క నొక యంకెను జూపుట 1990 తరువాతి దశకమున దేశదేశములందును వ్యాపించెను. భారతదేశమునఁ బెక్కు ప్రభుత్వ కార్యాలయముల పుటలపై నది నేఁటికిని గానవచ్చుచున్నది. ఆ యంకెను జూపు మార్గములు రెండు. అంకెలను బొమ్మలుగాఁ జిత్రించి నిలుపుట యొకటి. పుటయందలి తక్కిన మాటలవలెనే సామాన్యాక్షరములలో వ్రాయుట రెండవది. మొదటిదానికిఁ జిత్రాంకమనియు, రెండవదాని కక్షరాంకమనియు నీ వ్యాసమున వ్యవహారము. ఈ రెంటి పుట్టుకయు, గుణదోషములును, అన్నిటికంటె ముఖ్యముగా నా యంకె నిజముగా నెవరిని లెక్కించుచున్నదనునదియు నిట విచారింపఁబడుచున్నవి.

ద్వారమునొద్ద లెక్క

యంత్రముచే లెక్కించుట క్రొత్తది కాదు. క్రీస్తునకుఁ బూర్వము మొదటి శతాబ్దమునందలి రోమక శిల్పి విట్రూవియస్ తన వాస్తుగ్రంథముయొక్క పదవ భాగమున దూరమును గొలుచు బండి నొకదానిని వర్ణించెను. నాలుగడుగుల వ్యాసము గల చక్రము నన్నూఱు మాఱులు తిరిగినచో నైదువేల యడుగులు, అనఁగా నొక రోమక మైలు, పూర్తియగును. అప్పుడొక గులకఱాయి కంచుపాత్రలో రాలును. సాయంకాలమున ఱాళ్ల నెంచుకొన్న నెన్ని మైళ్లు నడచినదియుఁ దెలియును. తరువాతి కాలమున మోటారుబండ్లలో నంకెల చక్రములు తిరుగుచు మైళ్లను జూపు పరికరము వచ్చెను. వెబ్ పుటలపైఁ దొలుత వెలసిన చిత్రాంకములు పెక్కు లీ పరికరము నే యనుకరించినవి: నల్లని పలకపైఁ దెల్లని యంకెలు, ఎడమప్రక్క వరుసగా సున్నలు.

మనుష్యులను లెక్కించుట మైళ్లను లెక్కించుటవంటిది కాదు. 1851లో లండను నగరమున మే నెల మొదలు అక్టోబరు వఱకు జరిగిన మహాప్రదర్శనమునకు వచ్చినవారి లెక్క సుమారు 60 లక్షలని ప్రసిద్ధి. అప్పటి గ్రేట్ బ్రిటను జనసంఖ్య 2 కోట్లకుఁ గొంచె మెక్కువ. దానినిబట్టి దేశమున మూఁడవ పాలికిఁ జేరువగా జనులు వచ్చిరని చెప్పుట పరిపాటి యయ్యెను. కాని యది ప్రవేశముల లెక్క. వ్యక్తుల లెక్క కాదు. ప్రదర్శనకాల మంతటికిని జెల్లు టిక్కెట్టును గొనినవారు పెక్కుమాఱులు ద్వారమును దాఁటిరి. అందుఁ బ్రతిమాఱును నొక్కొక్క ప్రవేశము. అంకె సత్యమే, దాని ప్రక్కఁ జేర్చిన "జనులు" అను మాట మాత్రమే సరికాదు. ఇదే పొరపాటు నూటనలువది యేండ్లకుఁ బిమ్మట వెబ్ పుటల యడుగున మఱలఁ బుట్టినది.

చిత్రాంకము పుట్టుట

జెనీవా నగరమునొద్ద సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయమునఁ బనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ యను నాంగ్లేయుఁడు 1989 మార్చిలో వెబ్బునకు మూలమగు ప్రతిపాదనమును వ్రాసెను. 1991 ఆగస్టులో నది బహిరంగముగాఁ బ్రకటింపఁబడెను. 1993 ఏప్రిలు 30వ తేదీని ఆ పరిశోధనాలయము దాని నెల్లరును నుచితముగా వాడుకొనుట కనుమతించెను. ఆ తొలినాళ్ల పుట ప్రాయికముగా శిలాశాసనము వంటిది. ఎవఁడు వచ్చి యడిగినను సర్వరు అదే ఫైలు నట్లే యిచ్చెడిది. వచ్చినవారి జాడ సర్వరునందలి లాగ్ అను దినచర్యలో వరుసగాఁ జేరుచుండెను గాని, దానిని యజమాని మాత్రమే చూడఁగలిగెను. తన్నెందఱు చదివిరో పుటకుఁ దెలియదు, చదువరికిని దెలియదు.

పుటపై సంఖ్య కనఁబడవలెనన్న, అడిగిన ప్రతిమాఱును గొంత క్రొత్తగాఁ గూర్చి యిచ్చు నుపాయము కావలయును. 1993లో అమెరికాయందలి ఇల్లినాయి విశ్వవిద్యాలయమునకుఁ జెందిన ఎన్.సి.ఎస్.ఏ. కేంద్రమువారి సర్వరుతో సీజీఐ యను నేర్పాటు వాడుకలోనికి వచ్చెను. సర్వరు కోరిక నందుకొని, ఒక ప్రోగ్రామును నడపి, అది పలికినదానిని చదువరికిఁ బంపుట దీని సారము. అదే సంవత్సరమున నా కేంద్రమునుండియే మొజాయిక్ అను బ్రౌజరు వెలువడి, మాటల నడుమ బొమ్మలను జూపు వాడుకను లోకమునకుఁ బరిచయము చేసెను. ఈ రెండును గలియుటచే చిత్రాంకము జనించినది. పుటలో "ఇచట నొక బొమ్మ" యని వ్రాసి యుండును. ఆ బొమ్మ యుండుచోటఁ బ్రోగ్రాము పేరుండును. బ్రౌజరు బొమ్మ నడుగును. ప్రోగ్రాము సంఖ్య నొకటి పెంచి, అంకెలను జిత్రించి పంపును.

తొలి చిత్రాంకములలోఁ గొన్ని ఎక్స్‌బీఎం అను రూపమున నుండెను. ఈ రూపమునం దొక వింత కలదు. తక్కిన చిత్రరూపములు గుప్తమైన బైట్ల సముదాయములు కాఁగా, ఇది సీ భాషయందలి వాక్యములవలె సామాన్యాక్షరములతో వ్రాయఁబడును. ఒక్కొక్క చుక్క నలుపో తెలుపో తెలుపు సంఖ్యలు వరుసగా నందుండును. కాఁబట్టి చిన్న ప్రోగ్రాము సైతము దానిని సులువుగాఁ బుట్టింపఁగలిగెను. అనఁగా సంఖ్యను అక్షరములతో బొమ్మగా వర్ణించి పంపఁగా, బ్రౌజరు దానిని జిత్రముగాఁ జూపెడిది. ఆ బొమ్మను జూచి చదువరి మఱల సంఖ్యను గ్రహించెడివాఁడు. నేరుగా నంకెలనే వ్రాసి పంపుటకు మాఱుగా నింత దూరము చుట్టి పోవుట కొక కారణము కలదు.

ఆ కారణ మిది. అప్పటి పుటల యజమానులలోఁ బలువురు విశ్వవిద్యాలయములవో వర్తకులవో యగు సర్వరులలోఁ గొంత చోటు పొందినవారు. పుటల నుంచుకొనుటకు వారి కనుమతి యుండెను గాని, ప్రోగ్రాములను నడపుట కుండలేదు. బొమ్మ విషయమున నీ చిక్కు లేదు. బొమ్మను లోకమునందలి యే సర్వరునుండియైనను రప్పింపవచ్చును. కావున లెక్కించుటయే వృత్తిగాఁ గొన్ని సర్వరులు వెలసెను. పుటలో నొక పంక్తిని జేర్చుకొన్న చాలును. లెక్కయు బొమ్మయు నన్యుల యింట సిద్ధమగుచుండెను. ఈ సౌకర్యమే చిత్రాంకమునకు వ్యాప్తిని, పిమ్మటఁ జెప్పఁబోవు దోషమును గూడఁ దెచ్చినది.

అక్షరాంకము: స్థానియు నాదేశమును

తన సర్వరునఁ బ్రోగ్రామును నడపుకొను నధికారము గలవానికి వేఱు మార్గము కలదు. సర్వర్ సైడ్ ఇంక్లూడ్ అను విధానము ఎన్.సి.ఎస్.ఏ. సర్వరునఁ బుట్టి, తరువాత అపాచీ సర్వరునఁ గూడ నిలిచినది. దీనిని వ్యాకరణ పరిభాషలోఁ జెప్పుట మిక్కిలి సులభము. పుటయందు సంఖ్య యుండవలసినచోట నొక సంకేత ముంచఁబడును. అది స్థాని. సర్వరు పుటను బంపుటకు ముందు దానిని జదివి, ఆ సంకేతమును దొలఁగించి, దాని స్థానమునఁ బ్రోగ్రాము పలికిన సంఖ్యను నిలుపును. అది యాదేశము. చదువరి కాదేశమే కనఁబడును, స్థాని కనఁబడదు. ఏ కారణముచేతనైనను సర్వరు ఆ పని చేయనియెడల, సంకేతము వ్యాఖ్యరూపమున నుండుటచే బ్రౌజరు దానిని జూపకయే విడుచును. పాణినీయమున నదర్శనమునకే లోపమను సంజ్ఞ. అట్లు ఆదేశము కలుగనిచోట లోపము కలుగునే కాని, పుట చెడదు.

లారీ వాల్ అను నతఁడు 1987లో వెలువరించిన పెర్ల్ భాషయందు ఇట్టి ప్రోగ్రాములు పెక్కులు వ్రాయఁబడెను. 1995లో నారంభమైన మ్యాట్స్ స్క్రిప్ట్ ఆర్కైవ్ అను భాండారమున టెక్స్ట్‌కౌంటర్ అను పేరుగల ప్రోగ్రా మొకటి యుండెను. దాని పేరే దాని పని: బొమ్మలు లేక, సంఖ్యను సామాన్యాక్షరములలోఁ బుటలో వ్రాయుట. ఆ భాండారమునుండి ప్రోగ్రాములను దెచ్చుకొని వాడినవా రసంఖ్యాకులు. పిమ్మట లండనునందలి పెర్ల్ గోష్ఠివారు ఎన్.ఎం.ఎస్. అను పేర ఆ ప్రోగ్రాములనే మఱింత జాగరూకతతోఁ దిరిగి వ్రాసి, పాతవాని స్థానమున నుంచుకొనుట కిచ్చిరి.

ఇట్టి ప్రోగ్రాము చేయు పనులు మూఁడే: ఫైలులోని సంఖ్యను జదువుట, ఒకటి కలుపుట, తిరిగి వ్రాయుట. బాలురకైనను దెలియు నీ మూఁడు పనుల నడుమనే గొప్ప చిక్కు దాఁగియున్నది. ఫైలులో 417 అని యున్నదనుకొనుఁడు. ఇరువురు చదువరు లొకే క్షణమున వచ్చిరి. మొదటివానికై నడచిన ప్రోగ్రాము 417ను జదివెను. అది తిరిగి వ్రాయకమునుపే రెండవవానికై నడచినదియు 417నే చదివెను. రెండును 418 అని వ్రాసెను. వచ్చినవా రిద్దఱు, పెరిగిన దొకటి. మఱియు, వ్రాయుటకై ఫైలును దెఱచునపుడే లోని సంఖ్య తుడిచివేయఁబడు పద్ధతి కలదు. సరిగా నా క్షణమున వేఱొక ప్రోగ్రాము చదివినచో దానికి శూన్యము దక్కును; అది యొకటి కలిపి 1 అని వ్రాయును. సంవత్సరముల లెక్క యొక్క నిమిషమున నదృశ్యమగును.

ఈ చిక్కు వెబ్బుతోఁ బుట్టినది కాదు. ఒకే వస్తువును బలువురు మార్చఁబూనినపుడు ఒక్కఁడే లోనికిఁ బోవునట్లును, తక్కినవారు వేచియుండునట్లును జేయు టెట్లని హాలెండు దేశస్థుఁడగు డైక్‌స్ట్రా యను గణితజ్ఞుఁడు 1965లో నొక ప్రసిద్ధ పత్రమున విచారించి, మార్గమును జూపెను. ఫైలునకుఁ దాళము వేసి, పని ముగిసిన పిమ్మటఁ దీయు నాచార మాతని యాలోచనా సరణికిఁ జెందినదే. తాళము వేయు స్థానముగూడ ముఖ్యము: చదువుటకు ముందు వేయవలెను, వ్రాసిన పిదపఁ దీయవలెను. చదివిన తరువాత వేసిన తాళము, ధాన్యము పోయిన పిదపఁ గొట్టునకు వేసిన తలుపువంటిది.

అక్షరాంకముయొక్క గుణములు

చిత్రాంకము కంటి కింపుగా నుండును గాని, కన్ను లేనివాని కది లేనిదే. 1992లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయమునఁ బుట్టిన లింక్స్ అను బ్రౌజరు అక్షరములను మాత్రమే చూపును. దానిని వాడినవారికిఁ జిత్రాంకముచోట బొమ్మ యున్నదను సూచన తప్ప సంఖ్య కనఁబడదు. పుటను బిగ్గరగాఁ జదివి వినిపించు పరికరములపై నాధారపడిన యంధుల స్థితియు నట్టిదే. బొమ్మకు బదులుగాఁ జదువుటకై మాటలను జేర్చు నవకాశ మున్నది. కాని యా మాటలు పుటలో ముందుగా వ్రాయఁబడి యుండును. క్షణక్షణమును మాఱు సంఖ్యను ముందుగా వ్రాయుట యెట్లు? "ఇచట లెక్క యున్నది" యని మాత్రమే యంధుఁడు వినఁగలిగెను. లెక్క యెంతయో వినఁజాలఁడయ్యెను.

ఇది చిన్న విషయము కాదని పండితులు గుర్తించిరి. వెబ్ ప్రమాణములను నిర్ణయించు డబ్ల్యు3సి సంస్థ 1999 మే 5వ తేదీని వెలువరించిన మొదటి సౌలభ్య నియమావళిలో, తగిన రచనాసాధన మున్నచోట సమాచారమును బొమ్మలతోఁ గాక యా సాధనముతోనే తెలుపవలెనని విధించెను. 2008 డిసెంబరులో వచ్చిన రెండవ నియమావళియు, తప్పనిచోటఁ గాని, అక్షరముల బొమ్మలను వాడరాదని చెప్పినది. అంకెయుఁ జదువఁదగినదే కావున నీ విధి దానికిని వర్తించును.

అక్షరాంకమునకు మఱికొన్ని ప్రయోజనములు గలవు. దానిని నకలు చేసికొనవచ్చును, వెదకవచ్చును, పెద్దదిగాఁ జేసికొనవచ్చును, వేఱొక లిపిలోనికి మార్చవచ్చును. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రథమ సంపుటమునందే తెలుఁగు లిపికిఁ జోటు కలిగి, సున్న మొదలు తొమ్మిది వఱకుఁ గల తెలుఁగంకెలకు వేఱువేఱు స్థానము లేర్పడెను. అదే సంఖ్యను 1234567 అనియు, భారతీయుల వాడుక ననుసరించి లక్షలు తెలియునట్లు 12,34,567 అనియు, తెలుఁగంకెలలో ౧౨,౩౪,౫౬౭ అనియుఁ జూపుట అక్షరాంకమున నొక చిన్న మార్పు మాత్రమే. చిత్రాంకమునఁ బ్రతి లిపికిని బది బొమ్మలను గీయవలెను.

వ్రాఁతకుఁ గల ప్రామాణ్యము మన వ్యవహారమున నెప్పటినుండియో సిద్ధమైనది. ప్రాచీన శాసనములలో శకవర్షమును మాటలలోఁ జెప్పి, కొన్నిటఁ బ్రక్కన నంకెలనుగూడఁ జెక్కిరి. 1881 నాఁటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టముయొక్క 18వ సెక్షను ప్రకారము, చెక్కు మొదలగువానిపై నంకెలలో నొక మొత్తమును, మాటలలో వేఱొక మొత్తమును ఉన్నచో మాటలలో నున్నదే చెల్లును. ఒక చుక్క చెరిగినను అంకె మాఱును; మాట యంత సులువుగా మాఱదు. చూపునకు మాత్రమే తగినదానికంటెఁ జదువుటకుఁ దగినది మేలని యీ యాచారముల యభిప్రాయము.

ఐనను జిత్రాంకపక్షమున నొక సమాధానము కలదు. అక్షరాంకము పుటలోని భాగమగుటచే, ప్రతిమాఱును పుట నంతటిని గ్రొత్తగాఁ గూర్చి పంపవలెను. నడుమనున్న సర్వరులు దాని ప్రతిని దాఁచి మఱొకనికి నిచ్చుటకు వీలుండదు. చిత్రాంకమున బొమ్మ మాత్రమే క్రొత్తది. పుట దాఁచఁబడిన ప్రతియే కావచ్చును. మందగతి టెలిఫోను తీఁగలపై వెబ్బు నడచిన యా కాలమున నిది తేలికగాఁ ద్రోసివేయఁదగిన వాదము కాదు.

లెక్కింపఁబడిన దెవరు?

ఇఁక మొదటి ప్రశ్నకు రావలయును. చిత్రాంకమును అక్షరాంకమును నొకే పుటపై, ఒకే దినమున నారంభించినను, నెలనాళ్లకు రెండును వేఱువేఱు సంఖ్యలను జూపును. బొమ్మలను దెప్పించుకొనని బ్రౌజరులతో వచ్చినవారు చిత్రాంకమున లెక్కకు రారు. అక్షరాంకమునందు వారును వత్తురు. వారితోడ మనుష్యులు కానివియు వచ్చును. 1993 జూనులో మాథ్యూ గ్రే యనువాఁడు వెబ్బుయొక్క పరిమాణమును గొలుచుటకై పుటనుండి పుటకుఁ దానై తిరుగు ప్రోగ్రాము నొకదానిని విడిచెను. అట్టివి వేగముగా హెచ్చుటచే, 1994లో మార్టిన్ కోస్టర్ అనువాఁడు వాని రాకపోకలకు నియమము నొకదానిని బ్రతిపాదించెను. ఆ నియమము 2022లో నధికారికముగాఁ బ్రమాణీకరింపఁబడెను. ఈ యంత్రములు పుటను గోరును గాని, సామాన్యముగా బొమ్మలను గోరవు. కావునఁ జిత్రాంకము కొందఱు మనుష్యులను విడిచినది. అక్షరాంకము కొన్ని యంత్రములను జేర్చినది. రూపభేదముచేతనే యపేక్షాబుద్ధి భేదించినది.

ఇంతియ కాదు. ఒకే చదువరి పుటను మఱల మఱలఁ దెఱచినచోఁ బ్రతిసారియు నొకటి పెరుగును. ఒక కళాశాలలో నూర్గురు చదివినను, నడుమనున్న సర్వరు ప్రతిని దాఁచియుంచి పంచినచో నొక్కటియే లెక్కకు వచ్చును. ఈ లోపమును దీర్చుటకై 1997 అక్టోబరులో మోగుల్, లీచ్ అనువారు ఆర్.ఎఫ్.సి. 2227 అను పత్రమున నొక విధానమును బ్రతిపాదించిరి: నడుమ సర్వరులు తాము పంచిన ప్రతుల లెక్కను మూల సర్వరునకుఁ దెలుపవలెను. అది విరివిగా నాచరణలోనికి రాలేదు. 1994లో నెట్‌స్కేప్ సంస్థయందు లూ మాంటుల్లి కల్పించిన కుకీ యను గుర్తు వలన నొకే బ్రౌజరు మఱల వచ్చెనని తెలియును. కాని గుర్తు బ్రౌజరునకే గాని వ్యక్తికిఁ గాదు. ఒక యింట నలుగురు వాడు కంప్యూటరున నలుగురును నొకఁడే యగుదురు.

1995లో కేంబ్రిడ్జినందు స్టీఫెన్ టర్నర్ వ్రాసిన అనలాగ్ అను ప్రోగ్రాము సర్వరు దినచర్యలను బరిశీలించి లెక్కలు తేల్చుటలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. సర్వరునకుఁ దెలియునవి కోరికలేయనియు, వానినుండి సందర్శకుల సంఖ్యను రాఁబట్టుట సాధ్యము కాదనియు దాని కర్తయే యా ప్రోగ్రాముతోడి గ్రంథమున స్పష్టముగా వ్రాసెను. లెక్కించు సాధనమును నిర్మించినవాఁడే దాని యెల్లను జెప్పుట ప్రశంసనీయము.

పాణిని "బహు" శబ్దమునకును సంఖ్య యను సంజ్ఞను విధించెను. ఐనను, వైపుల్యమును జెప్పు "బహు" శబ్దమున కా సంజ్ఞ లేదని కాశికాకారులు వివరించిరి. లెక్కను దెలుపు "బహు"వు వేఱు. గొప్పతనమును దెలుపు "బహు"వు వేఱు. పుటల యడుగున వెలసిన యంకెలలోఁ బెక్కు లీ రెండవ జాతివి. లెక్క యుండు ఫైలు సామాన్యమైన పాఠమే కావున యజమాని దానిని దెఱచి, 1నకు మాఱుగా 10,000 అని వ్రాసి మొదలుపెట్టినచో నాపువారు లేరు. చదువరికి 10,417 అని కనఁబడును. రూపము సంఖ్య, అర్థము వైపుల్యము. ఆ యంకెను నమ్మి పుటను గౌరవించువాఁడును, ప్రకటన మిచ్చువాఁడును మోసపోవుదురు.

కనఁబడని లెక్క

చిత్రాంకముతో వచ్చిన దోషమని పైన సూచింపఁబడిన దిపుడు చెప్పవలెను. బొమ్మ యన్యుల సర్వరునుండి వచ్చునపుడు, ఏ పుటను, ఏ కంప్యూటరునుండి, ఏ సమయమునఁ జదువుచున్నారో యా యన్యులకుఁ దెలియును. ఒకే లెక్కసర్వరు వేలకొలఁది పుటలకు బొమ్మలు పంపునపుడు, కుకీ సాయమున నొకే చదువరి యే యే పుటలు చదివెనో వరుసగాఁ దెలియును. అంకెలు గల బొమ్మ యుండువఱకుఁ జదువరికి "ఇచట లెక్క జరుగుచున్నది" యను నెఱుక యైన నుండెను. తరువాత బొమ్మ యొక చుక్కంతయై, పారదర్శకమై, కంటి కగపడకుండఁ బోయెను. 1999 నాఁటికి దీనికి వెబ్ బగ్ అను పేరు వ్యాపించెను. చిత్రము లోపించెను, లెక్క మిగిలెను. వ్యాకరణమున లోపము కలిగినను దాని కార్యము నిలుచుట కలదు. ఇదియు నట్టిదే.

2005లో గూగుల్ సంస్థ అర్చిన్ అను సంస్థను గొని, ఆ సంవత్సరము నవంబరులో గూగుల్ అనలిటిక్స్ అను సేవను నుచితముగా నిచ్చుట మొదలిడెను. యజమానులు పుట యడుగున నంకెను జూపుట మానిరి. లెక్క మఱింత విపులమై వారి గదిలోనికిఁ జేరెను. చదువరులకై వ్రాయఁబడిన సంఖ్య తగ్గి, చదువరులను గూర్చి వ్రాయఁబడు సంఖ్య హెచ్చెను. ఐరోపా సమాఖ్యయందు 2018 మే 25 నుండి యమలైన శాసనమును, భారతదేశమున 2023 ఆగస్టులో నామోదింపఁబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును పుట్టుటకుఁ గల కారణములలో వ్యక్తుల సమాచారము నిట్లు వారెఱుఁగకయే సేకరించు నాచారము నొకటి.

బహిరంగముగాఁ జూపు లెక్క మాత్రము నశింపలేదు. యూట్యూబునందలి ప్రతి దృశ్యముక్రిందను జూచిన మాఱుల సంఖ్య యక్షరాంకముగానే యుండును. అందుఁ గొంతకాలము సంఖ్య 301 చేరఁగానే నిలిచిపోయెడిది. చూచినవారు మనుష్యులో యంత్రములో పరీక్షింపఁబడిన పిమ్మటఁ గాని పెరుగకుండెను. 2015 ఆగస్టులో నీ యాచారము తొలఁగింపఁబడెను. 2012 జూలైలో వెలువడిన గంగ్నమ్ స్టైల్ అను కొరియా పాట లెక్క 2014 డిసెంబరు నాఁటికి 214,74,83,647ను దాఁటెను. ఋణసంఖ్యలకును జోటిచ్చు 32 బిట్ల స్థానమున నిముడు గరిష్ఠసంఖ్య యదియే యగుటచే, ఆ సంస్థ 64 బిట్ల స్థానమునకు మాఱినట్లు ప్రకటించెను. ఈ రెండుదాహరణములును నొక్క విషయమునే చాటుచున్నవి. అంకె యెంత స్పష్టముగా వ్రాయఁబడినను, దాని వెనుక దేనిని ఒకటిగా నెంచవలెనను నిర్ణయ మొకటియు, ఎంతవఱకు నెంచఁగలదను నెల్ల యొకటియు నుండును.

నిర్ణయము

పై విచారమువలన మూఁడు విషయములు తేలుచున్నవి. సంఖ్యను జూపఁదలఁచినచో నక్షరములలోనే చూపవలెను. ఏలయన నది యంధునకును, లిపిభేదము గలవానికిని, పరీక్షింపఁగోరువానికిని సమానముగా నందును. రెండవది, లెక్క యే గృహమున జరుగుచున్నదో యా గృహమునందే యుండుట మేలు. చదువరి జాడ నన్యుల కిచ్చి పొందిన యంకె వెల యెక్కువ. మూఁడవది యీ రెంటికంటె ముఖ్యము. రూపశుద్ధి యర్థశుద్ధి కాదు. తాళము సరిగా వేసి, అక్షరములలోఁ జక్కఁగా వ్రాసిన సంఖ్యయు, దాని ప్రక్కనున్న మాట తప్పైనచో నసత్యమే యగును.

దానశాసనమున సంవత్సరము, తిథి, దాత పేరు, భూమి యెల్లలు వ్రాయుట మన పూర్వుల పరిపాటి. ఎల్లలు లేని దానము వివాదమునకు మూలము. సందర్శక సంఖ్యకును నెల్లలు కావలయును: ఏ దినమునుండి, ఏ పుటకు, ఏవి లెక్కింపఁబడినవి, ఏవి విడువఁబడినవి. "సందర్శకులు 12,34,567" అనుటకు మాఱుగా, "ఫలానా తేదీనుండి యీ పుట 12,34,567 మాఱులు కోరఁబడినది, యంత్రములును నిందుఁ జేరియున్నవి" యని వ్రాసినచోఁ జదువరికి సత్యము దక్కును. నేఁడు తెలుఁగు పత్రికలును, గ్రంథాలయములును, కార్యాలయములును దమ పుటల యడుగున నంకెలను నిలుపుకొనుచున్నవి. అట్టి యంకెతో నీ యొక్క పంక్తిని జేర్చుటకుఁ గ్రొత్త యంత్ర మేదియు నక్కఱలేదు.